గడప కింది కాగితం

మెట్‌పల్లి,
జూలై 4, 2024

చిరంజీవి కోమలకు,

పెద్దబాపు సిద్దిరాములు దీవెనలు. నేను బాగున్నాను. మోకాలు ఒక్కటే మాట వినడం లేదు.

ఫోను చేయక ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో నువ్వు హలో అనగానే చెప్పాల్సింది మరిచిపోతాను. "మంచిదేనా, మంచిదే" అని పెట్టేస్తాను. రాస్తే నిమ్మళంగా ఆలోచించుకోవచ్చు.

మీ బాపు కట్టిన చెక్కుడు మిషను మొండికేసింది. మోటార్లు మంచిగానే ఉన్నాయి. కంప్యూటరే ముసలిదైంది. పని మధ్యలో ఆగి ఆలోచిస్తుంది. అది ఆలోచించే లోపల బిట్టు పక్కకు జరుగుతుంది. మొన్న మంచి టేకు పలక మీద నెమలికి మెడ రెండుగా వచ్చింది. ఆ పలకను చూసి నాకు ఆ పూట అన్నం దిగలేదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే వాహెద్ నీకు తెలుసు కదా. వచ్చి డబ్బా విప్పి నవ్వాడు.

"కాకా, గిది కంప్యూటర్ గాదు, మా దాదా పెట్టె. గీ పొడుగు సాకెట్ ఇప్పటి కంప్యూటర్లకు ఉండనే ఉండదు. కొత్తది తెచ్చినా నీ మిషన్‌కు కలువది. కోమలక్కకు పంపు, ఆమెకే ఎరుక" అన్నాడు.

అందుకని కంప్యూటరును, దాని పక్కన ఉండే వైర్ల డబ్బాను గోనెసంచిలో చుట్టి బస్సు పార్శిల్‌లో వేశాను. ఈ ఉత్తరం ఆ సంచిలోనే ఉంటుంది. వైర్లకు మీ బాపు చేతితో రాసిన చీటీలు కట్టి ఉన్నాయి. భూమన్న పోయినా చీటీలు పోలేదు. వాటిని పీకెయ్యకు.

పోయిన వారం వెల్లుల్లలో ఒక ఇంటికి గడప వేసి దర్వాజ ఎత్తాను. ఇంటావిడ చేత, తలుపు మీద చెక్కిన బొమ్మ కాగితం చింపించి, నవధాన్యాలతో పాటు గడప కింద పెట్టించాను. ఎందుకు చింపుడు అని అడిగింది. ఎవరి తలుపు బొమ్మ వాళ్లదే, ఇంకో ఇంటికి ఎక్కొద్దు, మా ఇంటి రివాజు అని చెప్పాను. సంబరపడింది.

నీ ఇంటికని పెట్టిన టేకు అటక మీద ఆరుతున్నది. దాన్ని ఎవరు అడిగినా ఇవ్వలేదు. నువ్వు ఇల్లు మొదలుపెట్టుడే ఆలస్యం.

మీ అత్తమ్మను అడిగానని చెప్పు.

పెద్దబాపు

*

ఆదిలాబాద్,
జూలై 15, 2024

పెద్దబాపుకు కోమల దండాలు.

సంచి భద్రంగా అందింది. విప్పగానే మన కొట్టం వాసన వచ్చింది. టేకు పొట్టు కంప్యూటరు లోపల పిడికెడు ఉంది, అది ఆలోచించకుండా ఎట్లా ఉంటుంది! బాపు చీటీలు ఒక్కొక్కటే తిప్పి చదివాను. "ఇది అటు ఇటు పోయేది, ఇది మీదికి కిందికి" అని రాసి పెట్టాడు. మా అత్తమ్మ వచ్చి తన మరాఠీలో, "కాయ్ ఝాలే పోరీ, ఏడుస్తున్నవా?" అని వేడి వేడి జొన్న భాకరి చేతిలో పెట్టింది.

ఇక పని సంగతి. ఇన్నేళ్లూ ఆ కంప్యూటరే మోటార్లకు ఒక్కొక్క అడుగు చెప్పేది. మధ్యలో దానికి వేరే పని తగిలితే అడుగు తప్పేది. నీ నెమలికి రెండు మెడలు అందుకే వచ్చాయి. ఇప్పుడు నేను పెట్టేది మోషన్ కంట్రోలర్ అనే చిన్న కార్డు. కంప్యూటరు దారంతా దానికి ముందే చెప్పేస్తుంది. అడుగులు వేయించడం కార్డు పని. నడుమ కంప్యూటరు కునుకు తీసినా మిషను తప్పటడుగు వేయదు. కంప్యూటరు కూడా కొత్తది చూస్తున్నాను. పొడుగు సాకెట్ గోల ఉండదు, మామూలు నెట్టు వైరు చాలు.

నీ పాత డిస్కు ఇయ్యాలో రేపో పోయేట్టుంది. భయమేసి ముందు అందులోదంతా మా అంగడి కంప్యూటరులోకి ఎక్కించాను. నీ ఇన్నేళ్ల పని అంతా అందులో భద్రంగా ఉంది పెద్దబాపూ. ఒక్కటి కూడా పోలేదు. ఎంత పదిలంగా పెట్టుకున్నావో!

మా అంగడి దేవదాస్ సేటు మంచివాడే. తలుపుల తయారీ అంతా ఇప్పుడు మిషన్ల మీదనే. పని అయిపోయాక సాయంత్రం పూట అంగడి మిషనుకు కార్డు తగిలించి చూసుకొమ్మన్నాడు. నడుస్తుందో లేదో చూడాలంటే ఏదో ఒకటి చెక్కించాలి. నీ వాటిలోదే ఒకటి వేసి చూడనా? నువ్వు ఊ అంటేనే వేస్తాను.

ఇల్లు ఈ ఏడు కాదు. కానీ టేకు మాత్రం ఎవరికీ ఇవ్వకు. నా దర్వాజ నువ్వే ఎత్తాలి.

నీ కోమల

*

మెట్‌పల్లి,
జూలై 24, 2024

చిరంజీవి కోమలకు,

ఉత్తరం చేరింది. నీ సన్న అక్షరాలు నా కళ్లకు ఆనవు, వాహెద్ చేత రెండుసార్లు చదివించుకున్నాను. కార్డు సంగతి నాకు సగం తెలిసింది. మిగతా సగం నీకు తెలుసు, చాలు.

పని అంతా అందులో ఉందన్నావు. ఉండనీ. కాగితాన్ని స్కానరు అద్దం మీద పెట్టి చూపిస్తేనే కదా అది చెక్కేది.

చూడడానికి ఏది వేసినా సరే. టేకు మీద మాత్రం వేయకు. ఏదైనా పాత మామిడి చెక్క మీద వేయి.

మిషను నీ దగ్గరికి పోయిందని చంద్రవ్వకు తెలిసింది. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చుని ఉంటే అటుగా పోతూ పలకరించాను. "మా లచ్చి తలుపు చెక్కిన మిషనేనా సిద్దన్నా?" అంది. అదే అన్నాను. "మళ్ల వస్తదా?" అంది. వస్తది, కోమల పంపుతది అన్నాను.

ఆమె బిడ్డ లచ్చి, అదే బాలలక్ష్మి, నీతో చదివిన పిల్లే కదా. జ్వరంతో పోయినప్పుడు నువ్వు ఆదిలాబాద్‌లో ఉన్నావు. తలుపు సంగతి నీకు తెలియదేమో, రాస్తాను.

ఇల్లు కట్టినప్పుడు చంద్రవ్వ క్యాలెండరు కాగితం ఒకటి తెచ్చింది. దాని వెనక బాలలక్ష్మి పెన్సిలుతో వేసిన ముగ్గు. పండుగకు వాకిట్లో వేయడానికి ముందుగా వేసి చూసుకున్నదట. పండుగ దాకా ఉండలేదు. ఒక మూల చుక్క పెట్టడం మరిచింది పిల్ల. గీత ఉత్త జాగ చుట్టూ తిరిగి వచ్చింది. చుక్క పెట్టి చెక్కుదునా చంద్రవ్వా అని అడిగాను.

"వద్దు సిద్దన్నా. మర్చిపోయింది నా బిడ్డ. మర్చిపోయినట్లనే ఉండనీ" అంది.

అట్లాగే చెక్కాను. దర్వాజ ఎత్తే రోజు ఆ కాగితం చింపడానికి ఆమెకు చేయి రాలేదు. రొమ్ముకు అదుముకొని నిలబడింది. అయ్యగారు తొందర పెడుతున్నాడు. నేనే పోయి చెప్పాను. చింపు చంద్రవ్వా, ఇక నీ తలుపు మీద తప్ప భూమ్మీద ఎక్కడా ఉండదు అన్నాను. నా మాట మీద చింపింది.

ఇప్పటికీ శుక్రవారం ఆ తలుపుకు పసుపు రాస్తుంది. ఆ ఉత్త జాగలో మాత్రం కుంకుమ బొట్టు పెడుతుంది.

రాస్తూ పోతే ఎక్కువైంది. కళ్లు లాగుతున్నాయి.

పెద్దబాపు

*

ఆదిలాబాద్,
ఆగస్టు 20, 2024

పెద్దబాపుకు కోమల దండాలు.

కొత్త కంప్యూటరు, కార్డు పెట్టిన డబ్బా రెండూ ఈ పార్శిల్‌లో ఉన్నాయి. బాపు చీటీలు కొత్త వైర్లకు నేనే కట్టాను, ఏది ఏ మోటారుదో చూసుకొని. వాహెద్ వచ్చి చీటీ ప్రకారం తగిలిస్తే చాలు. మొదట చెక్క లేకుండా గాలిలో నడిపి చూడమను. ఎర్ర బటన్ నీ చేతికి అందేట్టు పెట్టించుకో. ఏం తేడా వచ్చినా అది గుద్దు, అన్నీ ఆగిపోతాయి.

ఇక్కడ ఎంత ముద్దుగా నడిచిందో తెలుసా! చప్పుడే లేదు. నువ్వు ఊ అన్నాక మెలికలు ఎక్కువ ఉన్నది ఒకటి చూసి వేశాను. మెలికల్లోనే కదా మిషను తప్పేది. ఒక్క గీత జరగలేదు. దేవదాస్ సేటు వచ్చి వేలితో తడిమి తడిమి చూసి, "గీ పని ఎవరిది కోమలా? గిసొంటిది మన కంప్యూటర్ల ఎన్నడు లేదు గదా" అన్నాడు. మా పెద్దబాపుది అన్నాను. నా ఛాతీ ఇంత పొంగింది. ఆ చెక్కకు మెరుపు రంగు వేయించి అంగడి ముందర నిలబెట్టాడు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

ఇంకో మాట. మిషన్ల పని మొత్తం నాకే అప్పజెబుతానంటున్నాడు. ఇన్నాళ్లూ మగవాళ్లకే చెప్పేవాడు. నీ కార్డు పుణ్యమే ఇది.

వానలకు మా వాగు దాటడం కష్టంగా ఉంది. అయినా అంగడికి రోజూ పోతున్నాను.

నీ కోమల

*

మెట్‌పల్లి,
సెప్టెంబరు 3, 2024

చిరంజీవి కోమలకు,

మిషను నడిచింది.

వాహెద్ చీటీలు చదువుకుంటూ తగిలించాడు. "భూమన్న కాక ఇప్పటికీ పనిజేస్తుండు" అన్నాడు. మొదట గాలిలో నడిపాము. నేను ఎర్ర బటన్ మీద అరచేయి పెట్టుకొని నిలబడ్డాను. గుద్దే అవసరం రాలేదు. వాహెదే గుద్దాడు, నేను ఎట్లా ఉలిక్కిపడతానో చూద్దామని. వాడికి పని తక్కువ.

తర్వాత మామిడి పలక మీద హంస వేశాము. చప్పుడు లేకపోయేసరికి ఆగిపోయిందనుకొని వంగి చూశాను. నడుస్తూనే ఉంది. మిషను మీద చేయి పెడితే ఆవు మెడ మీద పెట్టినట్లు ఉంది. ఇట్లా నడవాలనే కదా మీ బాపు ఏడ్చింది అనుకున్నాను.

నీకు పెద్ద పని ఇస్తున్నారన్నావు. కొండగట్టు పోయి అంజన్నకు కొబ్బరికాయ కొట్టి వచ్చాను. మోకాలు మెట్ల మీద తిట్టింది. తిట్టనీ.

అటక మీది టేకును కిందికి దించి తిప్పి పెట్టాను. ఒక పక్క వంగకూడదు కదా. నీ తలుపుకు ఏ బొమ్మ కావాలో నువ్వే గీసి పంపు. వంకరైనా ఫరవాలేదు, నీ చేతిదే ఉండాలి. ఎత్తే రోజు నీ చేతనే చింపిస్తాను.

నాకు ఇంత సంతోషం రాయడం రాదు.

పెద్దబాపు

*

మెట్‌పల్లి,
నవంబరు 18, 2024

కోమలకు,

ఒక సంగతి అడగాలి. ఫోనులో అడుగుదామని వాహెద్ ఫోను తీసుకున్నాను. నీ పేరు కనపడగానే పెట్టేశాను.

కోరుట్ల రోడ్డు మీద ఒక కొత్త ఇల్లు అయింది. గృహప్రవేశానికి అందరినీ పిలిచారు. నేను పోలేదు. చంద్రవ్వ పోయింది. బీడీలు చేసే ఆడవాళ్లందరూ కలిసి పోయారు. అన్నం తినకుండా వచ్చింది. నేరుగా మా కొట్టంలోకి వచ్చి నిలబడింది. చెంగు నోట్లో కుక్కుకొని ఉంది.

"ఏమైంది చంద్రవ్వా?" అన్నాను.

"సిద్దన్నా, మా లచ్చి ముగ్గు ఇంకెవలికన్న చెక్కినవానే?"

"లేదు. నీ తలుపుకే."

"మల్ల గాళ్ల తలుపు మీద ఎట్లున్నది?"

ముగ్గులు ఒకదానితో ఒకటి కలుస్తుంటాయి, ఎవరో వేసుకొని ఉంటారు అన్నాను. ఆమె నా మొహం చూసింది. నన్ను ఎన్నడూ అట్లా చూడలేదు.

"నాకు తెల్వదా సిద్దన్నా? వేలువెట్టి చూసిన. గా మూలకు చుక్క లేదు. గీత ఉత్తగనే తిరిగొచ్చింది. మర్చిపోయింది నా బిడ్డనా, గాళ్లా? గా ఇంటామె అంటది, గీ డిజైను చాన నడుస్తుందట అక్కా, ఆదిలాబాద్ నుంచి తెప్పిచ్చినం అని. మంది దాని కాడనే చెప్పులిడిసి, దాన్ని రాసుకుంట పోతుర్రు. ఒక పోరడు దానికి సైకిలు ఆనిచ్చిండు."

ఆమె ఇంకొక్క మాటే అంది.

"కాగితం గుంజుకొని చింపిస్తివి గదనే."

గుంజుకోలేదు కోమలా. చింపమన్నాను అంతే. కానీ ఆమెకు ఇప్పుడు గుంజుకున్నట్లే ఉంది. నేను కాదనలేదు.

మరునాడు ఆ ఇంటికి పోయాను. ఎదురుగా నిలబడి చూశాను. నా చెక్కడమే. గీత మొదలుపెట్టే చోటు, ఎత్తే చోటు నాకు తెలియదా? లోతు కూడా అదే.

నాకు అర్థం కాని సంగతి ఒకటే. కాగితం చింపాము. గడప కింద పెట్టాము. మట్టి కప్పాము. కాగితం లేకుండా మిషను దేన్ని చూసి చెక్కింది?

ఆదిలాబాద్ అంటున్నారు. ఆదిలాబాద్‌లో ఎన్నో అంగళ్లు ఉంటాయి. మీ అంగడి కాదని రాయి. ఆ ఒక్క మాట రాస్తే చాలు. చంద్రవ్వకు చూపిస్తాను.

పెద్దబాపు

*

ఆదిలాబాద్,
డిసెంబరు 1, 2024

పెద్దబాపుకు,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టి ఆపానో. మా అంగడే.

కోపం చేసుకోకుండా చదువు. కాగితం చింపితే కంప్యూటరులోది పోదు పెద్దబాపూ. అద్దం మీద ఒక్కసారి పెట్టి చూపిస్తే చాలు, దానికి ఎప్పటికీ ఉంటుంది. మనం చెరిపితేనే పోతుంది. వెల్లుల్ల వాళ్లది ఉంది, చంద్రవ్వది ఉంది, బాపు ఉన్నప్పటి నుంచి నువ్వు దర్వాజ ఎత్తిన ప్రతి ఇంటిదీ ఉంది. నీకు ఈ సంగతి తెలియదని నేను కలలో కూడా అనుకోలేదు. చెరపకుండా ఉంచావు కాబట్టి దాచిపెట్టుకున్నావు అనుకున్నాను. కాగితం చింపడం ఇంటివాళ్ల తృప్తి కోసమే అనుకున్నాను. అయ్యగారు మంత్రం చదివినట్లు.

నేను అడిగే వేశాను. "చూడడానికి ఏది వేసినా సరే" అని నువ్వే రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది. అయితే అదే ఉత్తరంలో చంద్రవ్వ కథ కూడా ఉంది. చదివాను. చదివిన తర్వాతనే ఆ ముగ్గు తీసి చూశాను. అన్నిటికంటే ముద్దుగా ఉంది. మామిడి చెక్క మీద ఒక్కసారి చూసుకుందాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను.

అంగడి ముందర నిలబెట్టాక జనం అడగడం మొదలుపెట్టారు. అప్పుడే సేటుకు వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు. మిషన్ల పని నా చేతికి వచ్చిన వారం అది. మొదటి మాటే కాదని అంటే మళ్లీ ఇంకెవరికో ఇస్తాడని భయమేసింది. ఆదిలాబాద్ ఎక్కడ, మెట్‌పల్లి ఎక్కడ అనుకున్నాను.

ఇంకో సంగతి నీకు ఎట్లాగూ తెలుస్తుంది, నేనే చెబుతాను. కోరుట్ల రోడ్డు తలుపు బండికి ఎక్కించేటప్పుడు దాని మీద ఊరి పేరు సుద్దముక్కతో రాసింది నేనే. మెట్‌పల్లి అని రాస్తుంటే చేయి ఒక్కసారి ఆగింది. తర్వాత రాశాను.

నీకు మంచి పేరే వచ్చిందని మాత్రం నమ్ము. ఇక్కడ దాన్ని మెట్‌పల్లి ముగ్గు అంటున్నారు.

చంద్రవ్వ కోసం నా చేతనైంది చేశాను. సేటును మాన్పించలేకపోయాను. ఇప్పుడు వేరే అంగళ్ల వాళ్లకు కూడా ఇచ్చాడట. కానీ మా దాంట్లో ఆ మూలన లేని చుక్కను నేనే కూర్చుని పెట్టాను. గీతను దాని చుట్టూ సరిచేశాను. ఇకనుంచి వచ్చే తలుపులన్నీ చుక్కతోనే వస్తాయి. తప్పు లేదు ఇప్పుడు. కాబట్టి అది బాలలక్ష్మి ముగ్గు కాదు, వేరేది. చంద్రవ్వకు ఆ మాట చెప్పు, మనసు కుదుటపడుతుంది.

సంక్రాంతి కంటే ముందే ఒకసారి వస్తాను. నువ్వు వద్దంటే రాను.

కోమల

*

మెట్‌పల్లి,
డిసెంబరు 22, 2024

కోమలకు,

నీ ఉత్తరం ఈసారి వాహెద్‌కు ఇవ్వలేదు. నేనే కూడబలుక్కొని చదువుకున్నాను.

మీ అంగడి కాదని రాస్తావనుకున్నాను. అబద్ధం రాసినా నమ్మేవాణ్ణి. నిజమే రాశావు. ఆ ఒక్కటి నీకు మీ బాపు బుద్ధి.

చెప్పమన్నావు కదా. చంద్రవ్వకు చెప్పాను. కోమల చేసింది అన్నాను, నా మిషనులో నుంచే పోయింది అన్నాను, చింపితే పోదట అన్నాను. నెత్తి మీద కొంగు వేసుకొని వింటూ కూర్చుంది. బీడీ చుట్టే చేయి ఆగలేదు. చుక్క సంగతి చెప్పినప్పుడు ఆగింది.

"చుక్క వెట్టిర్రా?" అంది.

పెట్టారట అన్నాను.

"ఎవలు వెట్టుమన్నరే? నా బిడ్డ మర్చిపోయింది గదే నాకు మిగిలింది. గది గూడ దిద్దిర్రా?"

కోమల మంచికే అనుకుంది అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నిన్ను వెనకేసుకు రావడం నాకు అలవాటు.

తర్వాత అడిగింది.

"సిద్దన్నా, గడప కింద కాగితం ఉంటదానే?"

ఉండదు చంద్రవ్వా, ఇన్నేళ్లు అయింది, చెదలు ఊరుకుంటాయా అన్నాను. వినలేదు. "పెన్సిలుతోని వేసింది గదా, పెన్సిలు పోదు" అంది. నేను పలుగు తెచ్చాను. నా మాట మీద పెట్టిన కాగితం కదా. ఆమె వద్దన్నా తవ్వేవాణ్ణే.

గడప పక్క నుంచి తవ్వాను. వాహెద్ వచ్చి, "కాకా, నీ మోకాలు ఏమైతది, నాకియ్యి" అని పలుగు లాగబోయాడు. ఇవ్వలేదు. వాడు మట్టి ఎత్తాడు. రాగి పైసా దొరికింది. నాలుగు శనగగింజలు నల్లగా మాడినట్లు దొరికాయి. కాగితం లేదు. చంద్రవ్వ ఆ మట్టినంతా జల్లెడ పట్టింది. తన పిండి జల్లెడ తెచ్చి పట్టింది. వాకిట్లో ఆడవాళ్లు నిలబడి చూశారు. చివరికి పైసాను కడిగి కొంగున కట్టుకుంది.

తవ్విన దెబ్బకు గడప పగిలింది. పగలనీ అంది. తలుపు కూడా విప్పమంది. పడేస్తుందేమోనని భయపడ్డాను.

"పడేస్తనా? లోపటి అర్రకు వెట్టు. నేను పండుకునే కాడ. నాకు దిక్కు తిప్పి వెట్టు. వీధి దిక్కు ఎవ్వలకు కనవడొద్దు" అంది.

అట్లాగే పెట్టాను. లోపల చీకటి. బల్బు వేస్తేనే ముగ్గు కనిపిస్తుంది. ఉత్త జాగలో కుంకుమ బొట్టు అట్లాగే ఉంది.

వీధి దిక్కు తలుపు కావాలి కదా, గడప కావాలి కదా. కొట్టంలో పనికి వచ్చే టేకు వేరే లేదు. నీ ఇంటికని పెట్టినదే ఉంది. దించాను. చిత్రిక పడుతుంటే వాసన బాగా వచ్చింది. మంచిగా ఆరింది. ఎక్కడా వంగలేదు. తలుపుకు, గడపకు సరిగ్గా సరిపోయింది. ముక్క మిగలలేదు. బొమ్మ ఏమీ చెక్కలేదు. సాదా తలుపు. మిషను వాడలేదు. ఎత్తే రోజు చింపడానికి కాగితం లేదు. చంద్రవ్వ ఆ రాగి పైసానే మళ్లీ పెట్టింది.

నాకు అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు.

నేను దర్వాజలు ఎత్తిన ఇండ్ల ముందు నుంచి ఇప్పుడు పోవడం లేదు. అన్నీ మీ దగ్గర ఉన్నాయన్నావు. వెల్లుల్ల ఆమె మొన్న అంగట్లో ఎదురైంది, "మా తలుపు అందరు మెచ్చుకుంటుర్రు పెద్దయ్యా" అంది. తల ఊపి వచ్చేశాను.

కంప్యూటరును, నీ కార్డును గోనెసంచిలో చుట్టి బస్సులో వేస్తున్నాను. ఈ ఉత్తరం ఆ సంచిలోనే ఉంటుంది. అందులోవి చెరిపి పంపుదామనుకున్నాను. వాహెద్, "నీకాడ చెరిపితే ఏం ఫాయిదా కాకా, గాళ్లకాడ ఉన్నయి గదా" అన్నాడు. అందుకని చెరపలేదు. కార్డు మంచిది. తప్పటడుగు వేయలేదు. దానిని నేను ఏమీ అనను.

మీ బాపు చీటీలు విప్పి నేను ఉంచుకున్నాను. వైర్లు నీవి. చీటీలు నా తమ్ముడివి.

రావాలా వద్దా అని అడిగావు. రావద్దని రాయడానికి నాకు చేయి రాదు. రమ్మనడానికీ రావడం లేదు. వస్తే చంద్రవ్వ ఇంటి ముందు నుంచే రావాలి. తలుపు కొత్తగా ఉంటుంది, గుర్తుపట్టవు. అది నీదే.

నువ్వు ఇల్లు మాత్రం కట్టుకో. దర్వాజ కోసం నన్ను చూడకు. మీ అంగడి ఉంది కదా.

సిద్దిరాములు